కోసిన పొగ్గొట్టం

నాందేడు, గంగ ఒడ్డు గల్లీ
మిరుగు పోయిన నాలుగో దినం

చెల్లె లచ్చవ్వకు అన్న భోజన్న రాసేది.

ఏడేండ్లకు రాస్తున్న. ఎందుకు రాయలేదంటే రాయలేదు. ఈ అక్షరాలు నా సొంతం, ఎవలతోటి రాయించలే. ఇంజన్ షెడ్డుల కూసోని బోగీల మీది రాతలు సూసి నేర్చుకున్న. ఒత్తులు పోతె సదివేటోన్నే పెట్టుకోమను.

నా నౌకరి అయిపోయింది. ముప్పై ఏండ్లు ఇంజన్ల బొగ్గు ఏసినందుకు ఒక పూలదండ ఏసి ఇంటికి పంపిన్రు. ఇంట్ల కూసుంటె కాళ్లు గుంజుతున్నయి. గందుకని ఇంటెనుక జాగల పొగభట్టీ కట్టిన. చేపలకు పొగ పెట్టే భట్టీ.

ఎందుకంటవా, వానలు పడి మన గోదారి గంగకు నీళ్లస్తె చేపలు మస్తు పడుతయి. కొనేటోడు ఉండడు, ఎండబెడదామంటె ఎండ ఉండది. పోయినేడు మన గల్లీవాళ్లు రెండు గంపల బొచ్చె చేపలు మల్ల గంగలనే పారబోసిన్రు. నా కండ్లతోటి సూసిన. అమ్మ ఉన్నప్పుడు ఒక్క చేప పారేసిందా? పొగకు పెట్టేది, దీపావళి దాక తినేటోళ్లం. గా పని ఇప్పుడు ఈ గల్లీల ఒక్కరికి రాదు.

నా భట్టీ ఎట్లుందో ఇను. గోడలు ఇటుకలయి, లోపట బంకమట్టి పూత. తలుపు ఇంజను తలుపు, బొగ్గు ఏసే తలుపు, గదే. రైల్వేవాళ్లు పాత సామాను లిలాం పెడితె పాట పాడి తెచ్చిన. లోపట చేపలు యాలాడెయ్యనీకి ఇనుప సీకులు. కింద మంట, మీద చేపలు. అన్నిటికంటె మీద పొగ్గొట్టం. పాత బాయిలరు గొట్టం అది, ఇద్దరు మనుషుల ఎత్తు. జర్మనోడి లడాయి మొదలైనంక గసొంటి గొట్టం ఏడ దొరకది. స్టేషన్ కెల్లి కనవడుతది. నాతోటి పనిచేసిన డ్రైవరు ఎంకన్న అచ్చి, "భోజన్నా, దీనికి కూత ఒక్కటే తక్కువ" అన్నడు.

పక్కింటి రుక్మాబాయి లొల్లి పెట్టింది. ఉతికిన బట్టలు నల్లగైతున్నయట. పోయి గల్లీ పెద్ద రామదాస్‌కు చెప్పింది. ఆయన తీర్పు చేసిండు: రాఖీ పున్నం నాడు గంగకు కొబ్బరికాయ ఇడిచినంక గల్లీ అంత నా భట్టీల చేప తింటది. బాగుంటె భట్టీ ఉంటది, అందరి చేపలు దాంట్లనే పెట్టుకుంటరు. బాగలేకుంటె నా చేతులతోటి నేనే కూలగొట్టాలె. సరే అన్న. నాకేం భయం?

నిన్ను ఏమీ అడుగుతలేను. కట్టిన అని తెలుపుతున్న. అమ్మ ఏమేం ఏసేదో యాదికుంటె రాయి, లేకుంటె లేదు. అమ్మ పక్కన కూసునేదానివి నువ్వు. నేను గంగల ఉండేటోన్ని.

ఇంట్ల అందరు మంచిగున్నరు.
భోజన్న, రైల్వే ఫైర్‌మన్ (పెన్షన్)


మాండవి
జ్యేష్ఠ పున్నం ఎల్లినంక

అన్నకు లచ్చవ్వ దండం.

చెప్పేది నేను, రాసేది మా ఊరి బడి పంతులు రామచంద్రం. నడుమ నడుమ ఆయన నవ్వుతడు, అక్షరాలు వంకర పోతె నన్ను అనకు.

నీ ఉత్తరం రెండుసార్లు సదివించుకున్న. ఇటుకలు ఇన్న. తలుపు ఇన్న. పొగ్గొట్టం ఎత్తు ఇన్న. "చేప ఎట్లచ్చిందో ఏడ రాసిండు పంతులూ, సూడు" అని మూడోసారి సదివించిన. ఏడ లేదు. అన్నా, గొట్టం గురించి గంత రాసి చేప గురించి ఒక్క ముక్క రాయలేదంటె నీ చేప పోయింది. నాకు చెప్పకు.

అడుగుతలేను అన్నవు. మంచిది. అడగనోనికి నేనూ చెప్పుతలేను. అమ్మ ఏం కట్టె ఏసేదో, చేప ఎటు దిక్కు కోసేదో, ఎన్నొద్దులు ఉంచేదో అన్నీ నా చేతులల్ల ఉన్నయి. ఏడేండ్ల సంది గా చేతులతోటే తింటున్న. నువ్వు సూసినవు గద నా పని, కిన్వట్ అంగట్ల.

పున్నానికి ఇంక రెండు నెలలు. రైల్వే ఫైర్‌మన్‌కు రెండు నెలలు మస్తు.

నీ దగ్గు సంగతి రాయలే. తగ్గిందా లేదా?
లచ్చవ్వ


నాందేడు
ఆషాఢం, నాగళ్లు కట్టిన వారం

చెల్లె లచ్చవ్వకు,

చేప పోలే. మంచిగనే అచ్చింది.

మొదటిసారి వాలుగలు పెట్టిన. అరగంటకు తలుపు తీసి సూస్తె సీకులకు తోకలున్నయి, చేపలు లేవు. కింద మంటల పడ్డయి. అంటె మంట జోరు ఎక్కువైంది, ఇంక ఏమీ లేదు. మంట జోరుగ పెట్టుడు తప్పైతె ముప్పై ఏండ్ల సంది నేను తప్పే చేస్తున్న.

రెండోసారి మంట తగ్గించిన. కట్టె మార్చిన. పట్టాల కింద ఏసే స్లీపరు కట్టెలు లిలాంల తెచ్చినయి ఉండె. ఇరవై ఏండ్లు రైలును మోసిన కట్టె, నిప్పు పడితె పొద్దుదాక ఆరది. చేప నల్లగ నిగనిగలాడుకుంట అచ్చింది. సూపుకు గసొంటి చేప అమ్మ గూడ చెయ్యలే. కొంచెం వాసన ఉండె.

రుక్మాబాయికి ఒక ముక్క ఇచ్చిన, లొల్లి బంద్ చేస్తదని. నమిలింది. కండ్లు మూసింది. "భోజన్న దాదా, టికెట్ లేకుంట పర్బణి దాక పోయచ్చినట్టుంది" అన్నది. గల్లీల ఇప్పుడు నన్ను సూస్తె సాలు, పర్బణి బండి ఎన్నింటికి దాదా అని అడుగుతున్నరు. రామదాస్ ఉమ్మేసి నోరు పుక్కిలించి, "పున్నం దూరం లేదు భోజన్నా, గడ్డపార పదును పెట్టుకో" అన్నడు.

గా తక్కువలు ఉంటయి. కొత్త ఇంజను గూడ మొదటి దినం ఆగి ఆగి పోతది.

నేను భట్టీ గురించి రాస్తె నువ్వు కిన్వట్ అంగడి ఎందుకు తెస్తవు? భట్టీ గురించి రాయి.

దగ్గు ఉంది. ఉంటది.
భోజన్న


మాండవి
ఆషాఢం, తొలి ఏకాశి తెల్లారి

అన్నకు లచ్చవ్వ దండం.

పంతులు నీ ఉత్తరం కింద పెట్టి బయటికి పోయి నవ్వచ్చిండు. నేను నవ్వలే. నాకు భయమైంది. అన్నా, స్లీపరు కట్టెకు తారు తాపుతరు. చెదలు ముట్టొద్దని తాపుతరు. చెదలు గూడ ముట్టని కట్టెతోటి మనుషులు తినే చేప చేస్తవా? రైల్వేది అయితె సాలు, నీకు విషం గూడ తియ్యగుంటదా? గా కట్టెలు తీసి గోడకు ఏసుకో. ఇది నువ్వు అడగకున్నా చెప్తున్న, గల్లీవాళ్లు ఏం పాపం చేసిన్రని.

రెండో మాట గూడ అడగకున్నా చెప్త. పొగ్గొట్టం కొయ్యి. ఇంజనుకు మంట గుంజాలె, గందుకు ఎత్తు గొట్టం. చేపకు పొగ నిలవాలె. నీ గొట్టం పొగనంత గుంజి రుక్మాబాయి బట్టల మీద ఏస్తున్నది, చేపకు ఉత్త మంట మిగులుతున్నది. రొమ్ము ఎత్తుకు కొయ్యి.

మూడో మాట ఉన్నది. గది లేకుంటె మొదటి రెండు చేసినా చేప నిలవది. గది ఉట్టిగ చెప్ప.

గప్పటికి నా మొగడు పోయి నాలుగు నెలలు. కిన్వట్ అంగట్ల గోనె పరిచి పొగచేపలు పెట్టుకొని కూసున్న. మొదటి అంగడి నాకు. నువ్వు నౌకరికి సుట్టి పెట్టి అచ్చినవు, రైల్వే కోటు, రైల్వే బూట్లు. "నేను బతికుండంగ నా చెల్లె మట్టిల కూసోని చేపలమ్ముడేంది, లెవ్, ఇంటికి నడువు" అన్నవు. రాను అన్న. గంప తన్నినవు. అంగడంత సూసింది. చేపలన్ని నేనే ఏరుకున్న, ఒక్కడు ఒంగలే.

రెండు ఉత్తరాలు రాసినవు. గా దినం కాడికి అచ్చినప్పుడల్ల బురద తప్పించుకున్నట్టు పక్క నుంచి పోయినవు. గా దినం సంగతి నీ చేత్తోటి రాయి. గప్పుడు మూడో మాట అడుగు.
లచ్చవ్వ


నాందేడు
ఆషాఢం

లచ్చవ్వకు,

పొగ్గొట్టం కొయ్యను. ఇంజను ముందల ఒక్క దినం నిలవడనిదానివి, నాకు గొట్టం సంగతి చెప్తవా?

మొగడు పోయిన చెల్లెను ఇంటికి రమ్మనుడు అన్న చేసే పనే. గదే చేసిన. మల్ల గట్లనే అయితె మల్ల రమ్మంట.

నీ మూడో మాట నీ కాడనే ఉంచుకో.
భోజన్న


నాందేడు
ఆషాఢ అమాస

చెల్లె లచ్చవ్వకు,

నీ జవాబు రాలే. నా ఉత్తరానికి జవాబు రాయబుద్ది కాదు, నాకు తెలుసు. నేనే రాస్తున్న.

కోసిన.

ఎందుకు కోసిన అంటె, నీ మాట అబద్ధమని చూపెడదామని తడిగడ్డి రాజేసి తలుపు సందుల కెల్లి సూసిన. పొగ లోపట ఒక్క ఘడియ నిలవలే. పుట్టుడు పుట్టుడే గొట్టంలకు ఉరికింది. చెయ్యి లోపట పెట్టిన, మసి అంటలే. లేచి సూస్తె రుక్మాబాయి దండెం మీద తెల్లచీర నల్లగైంది. చెప్పినట్టే ఉంది. మాండవిల కూసోని నాందేడు గొట్టం తప్పు పట్టినవు. ముప్పై ఏండ్లు గా గొట్టాల కింద బతికినోనికి తెల్వలే. నీకు ఇంజను తెలుసు, నేను తప్పు రాసిన.

షెడ్డు కెల్లి ఇనుము కోసే రంపం తెచ్చిన. ఇంకొకనితోటి కోయించలే. నేను నిలవెట్టింది నేనే కోసిన. పొద్దుగాల మొదలువెడితె అన్నం యాల్లయింది. గల్లీ అంత అచ్చి సూసింది. గొట్టం కింద పడ్డప్పుడు డ్రైవరు ఎంకన్న నెత్తి మీది టోపీ తీసిండు. ఒక్కడు నవ్వలే. నవ్వుంటె మంచిగుండు.

కోసినంక తుమ్మకట్టెతోటి మంట పెట్టిన. పొగ నిలిచింది. వాసన మంచిగుంది, పర్బణి వాసన పోయింది. కాని చేప నిలుస్తలేదు. మీద గట్టిగ, లోపట మెత్తగ. రెండొద్దులకు పురుగు పట్టింది. పున్నం ఇంక పదిహేను దినాలే.

గా దినం సంగతి.

నువ్వు గంప ఎత్తుకొని పోయినంక ఒక చేప మిగిలింది. బొచ్చె, సగం ముక్క, బండి చక్రం పక్కకు పడ్డది. నేను ఒంగి తీసుకున్న. రుమాలుల కట్టుకున్న. ఎందుకో నాకు తెల్వది. రైలుల కూసున్నంక మట్టి దులిపి తిన్న.

అమ్మ చెయ్యి. గదే ఉప్పు, గదే పొగ. అమ్మ పోయి పదేండ్లయింది గప్పటికి, నా నోట్ల అచ్చి కూసున్నది. గంత పని చేతులల్ల ఉన్నదాన్ని నా ఇంటికి అచ్చి గిన్నెలు తోముకుంట బతుకుమని పిలిచిన. పిలిస్తె రాలేదని తన్నిన. గది నాకు రైలుల సమజైంది. ముద్‌ఖేడు స్టేషన్ల దిగి మల్ల వాపస్ రావాల్సి ఉండె. రాలే. సిగ్గయింది. నాకు సిగ్గయితె కోపమస్తది, నువ్వెరుగుదువు. గా కోపం ఏడేండ్లు ఉంచుకున్న.

రమ్మనుడు తప్పు కాదు. తన్నుడు తప్పు. నా చేత్తోటి రాసిన.

మూడో మాట అడుగుతున్న.
భోజన్న


మాండవి
శ్రావణం, రెండో దినం

అన్నకు లచ్చవ్వ దండం.

పంతులు సదువుతుంటె రుమాలు సంగతి కాడ ఆపమన్న. పొయ్యి మీద కూర ఉన్నదని లోపటికి పోయిన. పొయ్యి మీద ఏం లేకుండె.

గది తిన్నవని ఏడేండ్ల కిందనే ఒక్క ముక్క రాస్తె ఏం పోయేది నీది? పోనీ. ఇప్పుడు ఇను, దినాలు లేవు.

మంట భట్టీ కింద పెట్టకు. నాలుగు మూరల దూరంల గుంత తవ్వు. గుంత కాడికెల్లి భట్టీ దాక మట్టిల మోరీ తియ్యి, పైన బండలు కప్పి మట్టి మెత్తు. పొగ గా మోరీల నడిచి నడిచి సల్లగయి అస్తది. చేప కాలొద్దు, పొగ తాగాలె. తుమ్మ మొద్దులు నిప్పులు అయినంక వాటి మీద తడిపిన ఇప్పచెట్టు చెక్కపొట్టు, ఊక కలిపి కప్పు. మంట లెవ్వొద్దు. పొట్టు ఒక మూట ఆదివారం పోయే మోటరు బండిల పంపుతున్న, ఆడ నీకు దొరకది.

చేపను కడుపు దిక్కు కోస్తున్నవు కావచ్చు. ఎన్నుబొక్క దిక్కు కొయ్యి, పుస్తకం తెరిచినట్టు తెరువు. ఉప్పు పసుపు పట్టించి ఒక దినం ఉంచు. కడిగి గాలికి యాలాడెయ్యి. ముట్టుకుంటె వేలు అంటుకోవాలె, తడి అంటొద్దు. గప్పుడు లోపట పెట్టు.

ఇవన్ని గల్లీల ఏ ముసలమ్మను అడిగినా సగం చెప్తుండె. నేను దాచుకున్న మాట ఇది: లోపట పెట్టినంక రెండు దినాలు, రెండు రాత్రులు తలుపు తెరువకు. ఎంత బుద్ధి పుట్టినా తెరువకు. తెరిచినప్పుడల్ల పొగ పోయి గాలి జొస్తది, లోపట మెత్తగైతది. నీ చేప గందుకే పోతున్నది. నువ్వు ముప్పై ఏండ్లు ఘడియ ఘడియకు తలుపు తీసి బొగ్గు ఏసినోనివి. నీ చెయ్యి ఊకుండదు. అమ్మకు నీ చెయ్యి తెలుసు, గందుకే నిన్ను భట్టీ కాడికి రానియ్యకుండె.

ఇంకొకటి. నువ్వు నన్ను గరీబుదాన్ని అనుకుంటున్నవు కావచ్చు. నాయి ఇప్పుడు ఐదు భట్టీలు. నా తోటి ఏడుగురు ఆడోళ్లు పనిచేస్తరు, సగం మంది మొగడు లేనోళ్లే. ఆదిలాబాద్ దాక పోతయి మా చేపలు. పెన్‌గంగల వల ఏసేటోడు ముందుగాల లచ్చవ్వ ఇంటికచ్చినంకనే ఇంకో ఇంటికి పోతడు. ఇది ముందే ఎందుకు చెప్పలేదంటవా, నువ్వు తప్పు ఒప్పుకుంటె నా భట్టీలు సూసి ఒప్పుకోవద్దు, నన్ను సూసి ఒప్పుకోవాలె అని.

పున్నానికి నేను రాను. గా దినం కిన్వట్ల పెద్ద అంగడి. రాఖీ దారం ఉత్తరంల పెట్టిన. రుక్మాబాయితోటి కట్టించుకో. ఆమెకు చీర పెట్టు, తెల్లది పెట్టకు.
లచ్చవ్వ


నాందేడు
రాఖీ పున్నం అయిన మూడో దినం

చెల్లె లచ్చవ్వకు,

మోరీ తవ్విన. నాలుగు మూరలు అన్నవు, నేను ఐదు తవ్విన. పని చేస్తె మిగిలేటట్టే చెయ్యాలె. మోరీ నడుమ ఒక ఇనుప పలక పెట్టిన, గుంజితె పొగ ఎక్కువ, దొబ్బితె తక్కువ. గది నీ భట్టీలకు లేదు కావచ్చు. అస్తె సూపెడ్త.

తలుపు సంగతి నువ్వు చెప్పినట్టే అయింది. చేపలు పెట్టిన గంటకు నా చెయ్యి దానికదే లేచింది. రెండుసార్లు తలుపు కాడ నిలవడి వాపస్ అచ్చిన. మూడోసారి ఇట్లకాదని తలుపుకు తీగె సుట్టి, తీగె కోసే పట్కారు తీస్కపోయి రుక్మాబాయికి ఇచ్చిన. "నేను అడిగినా ఇయ్యకు" అన్న. అడిగిన. ఇయ్యలే. తెల్లారి మల్ల అడిగిన, "దాదా, డ్యూటీ అయిపోయింది, పండుకో పో" అన్నది. గసొంటి మనిషి షెడ్డుల ఒక్కడుంటె మాకు ఒక్క ఇంజను చెడకపోవు. పున్నం పొద్దుగాల ఆమెతోటే రాఖీ కట్టించుకున్న. పచ్చచీర పెట్టిన.

పున్నం నాడు గంగకు కొబ్బరికాయలు ఇడిచినంక అందరు నా ఇంటెనుక జమైన్రు. గడ్డపార గోడకు ఆనిచ్చి పెట్టిన్రు, నాకు కనవడేటట్టు. తీగె కోసిన. తలుపు తీసిన. లచ్చవ్వా, చేపలు సీకులకు యాలాడుతున్నయి, ఒక్కటి పడలే. ఎండిన ఇప్పపువ్వు లెక్క రంగు. ఇరిస్తె పుట్టుక్కుమన్నది.

రామదాస్ ముందుగాల తిన్నడు. ముల్లు తీసి పక్కకు పెట్టిండు. ఇంకో ముక్క తీసుకున్నడు. గది గూడ అయిపోయినంక గడ్డపార ఎత్తుకపోయి తన ఇంట్ల పెట్టొచ్చి మూడో ముక్కకు కూసున్నడు. రుక్మాబాయి పర్బణి మాట ఎత్తలే. తన చీరె కొంగుల రెండు కట్టుకున్నది, నేను సూడనట్టు ఉన్న.

"భోజన్నా, మీ అమ్మ చెయ్యి అచ్చింది నీకు" అన్నడు రామదాస్. నేను లేచి నిలవడ్డ. "నాకు రాలే. మా చెల్లె లచ్చవ్వకు అచ్చింది. ఇటుకలు నాయి, గొట్టం నాది, చేప ఆమెది. ఏడేండ్ల కింద ఇసొంటి చేపల గంపనే నేను కిన్వట్ అంగట్ల తన్నిన" అని చెప్పిన. మొత్తం చెప్పిన, బూటుతోటి అని గూడ చెప్పిన. అన్నీ చెప్పి కూసున్న. కూసున్నంక దగ్గు అచ్చింది గాని, ఛాతీ హల్కగ ఉండె.

భట్టీ ఉంటది. రేపటి సంది గల్లీ చేపలన్ని దాంట్లకే. పోయినేడు పారబోసినోళ్లే ముందుగాల అచ్చి వరస కట్టిన్రు. నేను ముందల నిలవడి చెప్తున్న, ఎన్ను దిక్కు కొయ్యిన్రి, వేలు అంటాలె, తలుపు ముట్టకున్రి అని. నీ మాటలే చెప్తున్న. నీ పేరు చెప్పే చెప్తున్న.

నా వంతుకు అచ్చినయి రెండు గంపలు. ఈడ అమ్ముతలేను. వచ్చే అంగడికి కిన్వట్ తెస్త. నీ పక్కన మట్టిల కూసోని అమ్ముత, రైల్వే కోటు ఏసుకోకుంట. ధర నువ్వే చెప్పు, నేను వొర్రుత. నా గొంతు ఇంజను కూత మీదికెల్లి ఇనవడేది.

గోనె నేనే తెచ్చుకుంట. నీ పక్కన జాగ ఉంచు.
భోజన్న


మాండవి
కార్డు

అన్నకు,

జాగ ఉంచిన. ఎడమ దిక్కు కూసో, కుడి దిక్కు నా పాత గిరాకి ఉంటది. నా చేప అనకుంట నీ చేప అనే అమ్ము. పొద్దెక్కి అస్తె నిలవడి అమ్ముకోవాలె, ముందే చెప్తున్న.

లచ్చవ్వ